పసుపు తేలని పాలు

కువైట్ సిటీలోని ఆహార పరీక్షశాలలో నా ఉద్యోగం పాలను అనుమానించడం. పంతొమ్మిది వందల ఎనభై మూడు నాటికి ఆ విద్యలో బాగా ముదిరిపోయాను. ఎవరింట్లో టీ ఇచ్చినా ముందు వాసన చూసేవాణ్ణి. అందుకే నన్ను పెద్దగా ఎవరూ పిలిచేవారు కాదు.

మార్చిలో జహ్రా నుంచి ఒక సీసా మేకపాలు వచ్చాయి. అక్కడి ఒక కువైటీకి ఎడారిలో మేకల మంద ఉంది. దాన్ని కాసే గురప్ప కడప జిల్లావాడు. రోజూ సాయంత్రమయ్యేసరికి అతనికి జ్వరం, కీళ్లనొప్పులు, పక్క తడిసేలా చెమటలు. ఆస్పత్రిలో రక్తం చూసి మాల్టా జ్వరమన్నారు. పచ్చిపాలతో ఒంట్లోకి చేరే బ్యాక్టీరియా వల్ల వచ్చేది. పాలు పరీక్షించమని మాకు రాశారు.

యజమాని అప్పటికే ఒక మాట అనేశాడు. రోగం తన మేకలదని తేలితే వైద్యం చేయిస్తాడు. లేకపోతే అది ఇండియా నుంచి తెచ్చుకున్నదే, విమానం ఎక్కించేస్తాడు.

మా ఇన్‌స్పెక్టరుకు ఎడారి దాకా వెళ్లడానికి బద్ధకం. రోజూ పొద్దున్నే మంద నుంచి పాలు ఇంటికొస్తాయి కదా అని, ఆ ఇంటి ఫ్రిజ్‌లోంచే ఒక సీసా పట్టుకొచ్చాడు.

బ్యాక్టీరియా పెంచే ప్లేట్ల మీద ఆ పాలు పూస్తే ఏమీ మొలవలేదు. మాల్టా బ్యాక్టీరియా సరే, మామూలువి కూడా లేవు. అంత శుభ్రమైన మేక ఇంతవరకు పుట్టలేదు. మా డాక్టరు ఈజిప్టువాడు, అనుమానంలో నాకు గురువు. ప్లేట్లను తిప్పి చూసి, ఫాస్ఫటేజ్ పరీక్ష చెయ్యమన్నాడు. ఆ పరీక్ష మందు కలిపితే పచ్చిపాలు పసుపెక్కుతాయి, కాచిన పాలు తెల్లగానే ఉంటాయి. ఇవి తెల్లగానే ఉన్నాయి.

ఫోన్ చేస్తే యజమాని మండిపడ్డాడు. "మా ఇంట్లో పాలు కాచరు. మా తాత కూడా కాచలేదు. కాస్తే అందులో బలమేముంటుంది? మీ పరీక్షే తప్పు. నా మందలో కాలు పెట్టొద్దు. శుక్రవారం వాడు వెళ్తాడు, ఖలాస్."

మర్నాడే ఇన్‌స్పెక్టరును బతిమాలి ఆ ఇంటికి వెళ్లాను. వంటింట్లో ఒక తెలుగామె గిన్నెలు తోముతోంది. పేరు తిరుపాలమ్మ. గురప్పకు సొంత అక్క. గట్టు మీద బోర్లించిన గిన్నె ఎత్తి చూస్తే, అడుగంటిన పాల మరక, తోమినా పోనిది. మా అమ్మ గిన్నెకూ అలాంటిదే ఉండేది.

"పాలు కాస్తున్నావామ్మా?" అన్నాను.

ఆమె గుమ్మం వైపు చూసింది. "అందురూ లెయ్యకముందే కాగబెడతా సార్. మీగడ తీసేసి, సల్లార్చి ఐసు పెట్టెలో పెడతా. వచ్చిన కాడ్నుంచీ ఇంతే. పొంగు రాని పాలు పిల్లోళ్లకు ఎట్ల తాపేది?"

"మీ తమ్ముడికి చెప్పలేదా?"

"సెప్పినా సార్. ఆడ వానికి పొయ్యి యాడిది? పిండుతానే నురగతో తాగుతాడు."

ఇంతలో ఇంటావిడ గుమ్మంలోకి వచ్చింది, ఏమిటని అడిగింది. నేను తెలుగులోనే మెల్లగా అన్నాను. "ఈ మాట చెబితే నీ పని పోతుందమ్మా."

"సెప్పకపోతే వాడు పోతాడు సార్. జరంతో ఊరికి పోతే ఈ మందులు ఎవురిప్పిస్తారు?"

తడిచేతులు చీరకు తుడుచుకుంది. "మామా," అని, అక్కడి పనివాళ్లు ఇంటావిడను పిలిచినట్టే పిలిచి మొదలుపెట్టి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో తానే చెప్పేసింది. నేను అనువాదం చేయాల్సిన పని పడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఇన్‌స్పెక్టరుకు కనబడకుండా కిటికీ వైపు తిరిగాను.

ఆ సంగతి తెలిశాక యజమాని మంద దగ్గరికి రానిచ్చాడు. అక్కడి పాలలో మాల్టా బ్యాక్టీరియా దొరికింది. మేకల్ని తీసేశారు. గురప్పకు ఆస్పత్రిలో మందులు మొదలుపెట్టారు.

తిరుపాలమ్మను మాత్రం పంపించేశారు. పాల దగ్గర మోసం చేసిన మనిషి ఎక్కడైనా చేస్తుందని మామా అందట. ఆ పాలే తాగిన తన పిల్లలకు ఒక్క జ్వరమైనా ఎందుకు రాలేదో ఆవిడ అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేస్తాను, మర్నాడు మళ్లీ పాలు పరీక్షించాను.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే అదే ఇంటి నుంచి మళ్లీ సీసా వచ్చింది. తెచ్చినవాడు గురప్ప. ఒళ్లు చేశాడు. మంద కొత్తది. ఈసారి జ్వరం యజమాని చిన్నకొడుక్కి.

"వంటింట్లో ఇప్పుడెవరు?" అన్నాను.

"కొత్తామె సార్. మంచిది. మామా ఏం సెప్తే అదే సేస్తాది."

సీసా తీసుకుని మందు కలిపి పెట్టాను. మధ్యాహ్నానికి పాలు చక్కగా పసుపెక్కాయి.