ఎర్ర శాలువా కప్పుకున్న మనిషి

ఉర్సులా జ్వరంతో పోయిన ఐదో రోజున తల్లి మెల్చోరా, మేనత్త కసిమీరా కలిసి దాని బట్టలు ఏటికి పట్టుకెళ్ళారు. మా సిక్వాని కొండల వైపు చనిపోయిన వాళ్ళ బట్టలు ఐదో రోజునే ఉతికి, పొద్దు వాలేలోగా కాల్చేస్తారు. లేకపోతే పోయిన మనిషి వాటికోసం తిరిగొస్తుంది.

అంచు కుట్టిన నల్ల పావడా, చదునైన టోపీ, పండగ శాలువా రాళ్ళ మీద ఆరేశారు. ఆ శాలువా ఉర్సులా తన పెళ్ళికని నేసుకున్నది. చిక్కటి ఎరుపు.

అప్పుడే చర్చి పనివాడు ఫెర్మిన్ గట్టు దిగి వచ్చాడు.

"మెల్చోరా అత్తా, ఫాదరుగారింట్లో బొమ్మలేసే దొర దిగాడు. మన ఆడవాళ్ళ కట్టూబొట్టూ గీయాలంట. ఇంత మంచి బట్టలు ఊళ్ళో ఇంకెవరి దగ్గరున్నాయి? కాసేపు కట్టుకుని నిలబడు చాలు."

"నీకేమన్నా బుద్ధుందిరా? చచ్చినదాని బట్టలవి!" కసిమీరా లేచింది.

మెల్చోరా రాళ్ళ దగ్గరికి నడిచింది. తడి శాలువా తీసి భుజాల మీద వేసుకుంది. ముందువైపు వెండి పిన్ను గుచ్చుకుంది. ఎవరో చెయ్యమన్న పని చేస్తున్నట్టే ఉంది ఆమెకు.

దొర ఆమెను ఫాదరుగారి వాకిట్లో నిలబెట్టి చేతికి కదురు ఇచ్చాడు. తడి రవికలోకి దిగుతోంది. చల్లగా ఉందని ఆమెకు తెలుస్తోంది, అంతే. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఎదురుగా గోడ మీద ఒక కోడి అటూ ఇటూ నడుస్తుంటే దాన్నే చూస్తూ నిలబడింది.

బొమ్మ పూర్తయ్యాక అందరూ మూగారు. శాలువా చారలు ఒక్కటీ తప్పలేదు. ముఖం మాత్రం మెల్చోరాది కాదు. దొర గుండ్రటి ముఖమున్న పడుచుపిల్లను గీశాడు.

"అరె! అచ్చం మన ఉర్సులానే!" అన్నాడు ఫెర్మిన్.

మెల్చోరా చాలాసేపు చూసింది. "దాని కళ్ళు ఇంత పెద్దవి కావు," అంది.

ఫెర్మిన్ ఆ మాట దొరకు చెప్పాడు. కూతురు పోయిన సంగతీ చెప్పాడు. దొర ముఖం వాడిపోయింది. వెంటనే కూర్చుని, చాకు మొనతో రంగు గీకి, కళ్ళు మళ్ళీ చిన్నగా దిద్దాడు. బొమ్మ ఆమె ముందు పెట్టి, ఔనా అన్నట్టు చూశాడు.

"ఆ, అదే," అంది మెల్చోరా.

ఇద్దరూ మళ్ళీ ఏటి ఒడ్డుకు వచ్చేసరికి ఎండ కొండ కొసలకెక్కింది. మెల్చోరా శాలువా విప్పి పావడా మీద పడేసింది. కసిమీరా నిప్పు పెట్టింది. తడి ఉన్ని సరిగా అంటుకోలేదు. చాలాసేపు పొగే వచ్చింది. ఇద్దరూ దగ్గుతూ కర్రతో కెలుకుతూ కూర్చున్నారు.

"వదినా, నిజం చెప్పు. కళ్ళు దిద్దాక దానిలాగే ఉందా?"

"లేదు."

"మరి ఔనన్నావేం?"

"పాపం, కష్టపడి గీశాడు కదా."

కసిమీరా ముఖం తిప్పుకుని ఏడ్చింది. మెల్చోరా బూడిద ఏట్లోకి తోసి, చేతులు కడుక్కుని, లామా మందను దొడ్లోకి తోలడానికి లేచింది.