గోడ మీద ఎర్ర చుక్కలు

మా గుట్ట మీద ఇళ్ళు మెట్లమెట్లుగా ఉంటాయి. ఒకరి వంటింటి వెనక గోడే పైవాళ్ళ వాకిలికి ఆసరా. అంబోన్‌లో సగం మంది దీవివాసుల బతుకు ఇంతే. కిందికి చూస్తే సముద్రం, పైకి చూస్తే పక్కవాళ్ళు ఆరేసిన బట్టలు.

డోర్సినా ఇల్లు మాకు రెండిళ్ళ అవతల. గుట్ట కింద వ్యాన్లు మలుపు తిరిగే చోట ఆమె అరటిపళ్ళు నూనెలో వేయించి, మిరపకాయ కారంతో అమ్మేది. యాభై దాటాయి. భర్త యోపి పోయి ఆరేళ్ళు. ఇంట్లో ఆమెకున్నది చెవులు వినపడని అత్తగారొక్కతే, ఆవిడా మంచం మీదే. ఆవిణ్ణి మేం ఓమా, అంటే అవ్వ, అనేవాళ్ళం. వీధిలో చిన్నా పెద్దా అందరికీ డోర్సినా అక్కే. మా మాటలో ఉసి డోర్సీ.

ఆ ఏడాది మే నెలలో ఆమె ఇంటికి సరిగ్గా పైనున్న ఓపా బ్రామ్ ఇంట్లో ఒక గది అద్దెకు పోయింది. ఓపా బ్రామ్ పాత బడిపంతులు. మా అందరికీ తాత వరస. అద్దెకు వచ్చినాయన పేరు ఉస్మాన్ లెస్తలుహు. పేరు వింటేనే ఊళ్ళో ఏ వైపు మనిషో తెలిసిపోతుంది. చర్చివాళ్ళకూ మసీదువాళ్ళకూ మధ్య జరిగిన గొడవలు సద్దుమణిగి ఇరవై ఏళ్ళు దాటినా, మసీదుకు వెళ్ళేవాళ్ళెవరూ మా గుట్ట మీద మళ్ళీ ఇల్లు తీసుకోలేదు. మేమెవరమూ ఏమీ అనలేదు. ఎదురైతే నవ్వి పలకరించాం. తలుపులు మాత్రం కాస్త ముందుగా వేసుకోవడం మొదలుపెట్టాం.

ఆయనకూ యాభై అయిదు ఉంటాయి. రోడ్లు వేసే పనిలో చేసి మానేశాడట. వాన వెలిసిన ప్రతి పొద్దునా చేతిలో టేపు, జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని గోడల వెంట నడిచేవాడు. ఆగేవాడు, కొలిచేవాడు, రాసుకునేవాడు. ఒకరోజు డోర్సినా పెరట్లో గిన్నెలు కడగబోయి, పెరటి నుంచి పడగ్గది దాకా సాగే వెనక గోడ మీద ఎర్ర రంగు చుక్కలు చూసింది. రెండు ఇటు, రెండు అటు. మధ్యలో గోడకు సన్నటి పగులు.

మర్నాడు ఆయన కనబడగానే నిలదీసింది.

"ఏం చూస్తున్నారు మా గోడలో?"

"పగులు ఉసి. పెరుగుతోందేమోనని."

"అది మా ఆయన ఉన్నప్పట్నుంచీ ఉంది."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ నెమ్మదే ఆమెకు నచ్చలేదు.

ఆమె భయానికి ఒక కారణం ఉంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. గొడవల ఏడాది ఈ వీధిలో కాలిపోయిన ఇళ్ళు కొన్ని ఉండేవి. వాటిలో ఉన్నవాళ్ళు పడవలెక్కి పారిపోయారు. యోపి అలాంటి స్థలం ఒకటి చవగ్గా కొని ఈ ఇల్లు కట్టాడు. అమ్మినవాడు దాని సొంతదారో కాదో ఆమె అడగలేదు, భర్త చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క కాగితం, దాని మీద అమ్మినవాడి ఒకే ఒక్క వేలిముద్ర. ఆ కాగితాన్ని ఆమె పెళ్ళి బట్టల కింద పెట్టింది, మళ్ళీ తియ్యలేదు.

ఓపా బ్రామ్ దగ్గరికి వెళ్ళి ఆరా తీసింది. మంచి మనిషేనని, శబ్దం చెయ్యడని ఆయన చెప్పాడు. వాళ్ళ నాన్నెవరని ఆమె అడిగింది. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"కొన్ని అడక్కుండా ఉంటేనే నయం, డోర్సీ."

ఆ మాటతో ఆమెకు నిద్ర కరువైంది. దుకాణానికి వచ్చిన ప్రతివాడితోనూ ఆయన ఊసే. ఎప్పుడు బయటికెళ్ళాడు, ఎటు వెళ్ళాడు, ఎవరితో మాట్లాడాడు. ఒక సోమవారం పొయ్యి ఆర్పేసి వెంటే వెళ్ళింది. ఆయన వ్యాను దిగి నేరుగా భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసులోకి వెళ్ళడం, గంట తర్వాత చంకలో కాగితాల కట్టతో బయటికి రావడం కళ్ళారా చూసింది. ఇంకేం కావాలి? ఆ చుక్కలు పగులుకు కాదు, హద్దుకు పెట్టినవే అని తేల్చుకుంది.

ఆ మధ్యాహ్నమే గుడ్డ కిరసనాయిల్లో ముంచి నాలుగు చుక్కలూ తుడిచేసింది. పై మెట్ల పక్కన ఉన్న రెండు జతలు కూడా వదల్లేదు. తర్వాత వీధి పెద్ద నూస్ దగ్గరికి వెళ్ళింది. తన కాగితం సంగతి దాచింది. ఎవడో ఇళ్ళకు గుర్తులు పెడుతున్నాడని మాత్రం చెప్పింది. మా గుట్ట మీద ఆ మాట చాలు. గొడవల ఏడాది తలుపుల మీద గుర్తులు పెట్టిన తర్వాత ఏం జరిగిందో గుర్తున్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఆదివారం చర్చి అయ్యాక నూస్ వాకిట్లో అందరం చేరాం. ఉస్మాన్‌ని పిలిపించారు. ఆయన పుస్తకం తెరిచి, పై నుంచి బరువు తోసుకొస్తోందనీ, తొమ్మిది రోజుల్లో గోడ అర వేలు మందం కదిలిందనీ చెప్పాడు. జూన్ వానలు పడితే ఆగదన్నాడు. నూస్ కొలిచి చూపించమన్నాడు. అందరం ఆయన వెంట డోర్సినా పెరట్లోకి వెళ్ళాం.

గోడ మీద చుక్కలు లేవు.

ఆయన గోడను తడిమి చూశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కిరసనాయిల్ వాసన మా అందరికీ వచ్చింది. అయినా ఎవరూ డోర్సినా వైపు చూడలేదు, నేను కూడా. మాకు ఆయన అబద్ధమాడుతున్నాడని నమ్మడమే తేలికగా ఉంది. గది ఖాళీ చెయ్యమని నూస్ మర్యాదగానే చెప్పాడు. ఓపా బ్రామ్ తల దించుకుని ముందే బయటికి నడిచాడు.

వెళ్ళేటప్పుడు ఉస్మాన్ సంచీతో ఆమె దుకాణం ముందు ఆగాడు.

"ఉసి, మీ అత్తగారి మంచం ఆ గోడకు ఆనించి ఉంది. కాస్త ముందు గదిలోకి జరపండి."

ఆమెకు ఒళ్ళు మండింది. ఆయన ఒక్కసారి కూడా ఇంట్లో అడుగు పెట్టలేదు. కిటికీలోంచి తొంగి చూశాడన్నమాట. నూనెలో పళ్ళు వేస్తూ మొహం తిప్పుకుంది. అయినా సాయంత్రం నన్ను పిలిస్తే ఇద్దరం కలిసి మంచం జరిపాం. మంచం తీశాక దాని వెనక గోడ అడుగున, నేలకూ గోడకూ మధ్య అరచెయ్యి పొడవున చీలిక కనిపించింది.

"ఇది ఇదివరకు ఉందా?" అని అడిగాను.

"తెలీదు. మంచం ఎప్పుడూ జరపలేదు," అంది.

ఆ మర్నాడు ఆమె పెరట్లో పగులుకు అటూ ఇటూ బొగ్గుతో రెండు గుర్తులు పెట్టింది. చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి, గుర్తుకూ గుర్తుకూ సరిపోయేలా తుంచింది. రెండు రోజులకు ఈనె గోరంత పొట్టిదైంది. తను సరిగా తుంచలేదనుకుంది. మళ్ళీ కొత్త ఈనె తుంచింది. ఈసారి దాన్ని జాకెట్లో దోపుకుని తిరిగింది. తను లేనప్పుడు ఎవరైనా, బహుశా ఉస్మాన్ మనిషే ఎవడైనా, వచ్చి మార్చేస్తాడేమోనని. మూడు రోజులు ఎడతెగకుండా వాన కురిసింది. ఆ తర్వాత చూస్తే ఈనెకు పక్కన చిటికెన వేలు పట్టే సందు ఉంది. ఇక అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు.

తడుస్తూనే నూస్ ఇంటికి వెళ్ళింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"ఆ చుక్కలు తుడిచింది నేనే," అంది.

నూస్ అన్నం ముందు నుంచి లేచాడు. "ఆ రోజు అంతమందిలో నోరు మెదపలేదేం, ఉసి?"

"మాట్లాడితే ఇల్లు పోతుందనుకున్నాను. ఇప్పుడు మాట్లాడకపోతే మనుషులే పోయేట్టున్నారు. గోడ నిజంగానే కదులుతోంది. మీరే వచ్చి చూడండి."

నూస్ వచ్చి చూశాడు. ఆ మధ్యాహ్నమే మూడిళ్ళవాళ్ళం, పద్నాలుగు మందిమి, చర్చి హాల్లోకి మారాం. ఓమాను తలుపు రెక్క మీద పడుకోబెట్టి నలుగురు మోశారు. ఓపా బ్రామ్ గొడుగు పట్టుకుని వెనకే దిగాడు. మర్నాడు పొద్దున పదింటికి, వాన పలచబడ్డాక, గుట్ట మీద పెద్ద లారీ కంకర దింపినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే మూడు వంటిళ్ళు, ఓపా వాకిలి, మెట్లు అన్నీ ఎర్ర బురదలో కలిసి కిందికి జారి ఉన్నాయి. ఓమా మంచం ఉండే మూల ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాం. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

వారం తర్వాత డోర్సినా ఉస్మాన్ ఉండే తులెహు ఊరికి వెళ్ళింది, ఓపా దగ్గర అడ్రసు తీసుకుని. ఒంటరిగా వెళ్ళడానికి బెరుకనిపించి నన్ను తోడు రమ్మంది. ఉస్మాన్ వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన భార్య కుర్చీలు వేసింది. డోర్సినా కూర్చోలేదు. క్షమించమని అడిగింది. ఆయన చేతిలోని వల పక్కన పెట్టాడు.

"మీరు అనుమానించింది పూర్తిగా అబద్ధం కాదు," అన్నాడు. "ఆ స్థలం మా నాన్నది. ఆఫీసులో ఇప్పటికీ ఆయన పేరే ఉంది. దావా వెయ్యాలనే అక్కడ గది తీసుకున్నాను. ఓపాకు తెలుసు. వద్దన్నాడు కూడా."

"మరి కొలతలు?"

"గోడ చూశాక దావా పక్కన పెట్టాను. ముందు దాని సంగతి తేలాక మిగతాది చూద్దామనుకున్నాను."

"కిటికీలోంచి చూశారు కదూ, మంచం?"

"లేదు ఉసి. మీరు ఇల్లు పాత పునాదుల మీదే కట్టారు. ఆ గదిలో మంచం పట్టేది ఆ మూలే. మా నాయనమ్మ అక్కడే పడుకునేది."

అప్పుడు డోర్సినా కూర్చుంది. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని సూటిగా అడిగింది.

"గోడ పడకపోయుంటే దావా వేసేవారా?"

"వేసేవాణ్ణే."

ఆమె మొహంలో కోపం చూశాను. వెంటనే ఇంకేదో కూడా కనిపించింది. మోసం చెయ్యని మనిషిని ఎదురుగా చూసినప్పుడు కలిగే ఊరట కావచ్చు. అప్పుడామె తన కాగితం గురించి, ఆ ఒక్క వేలిముద్ర గురించి మొదటిసారి ఒకరితో చెప్పింది. ఆయన భార్య సగ్గుగంజి, పసుపు వేసిన చేపల పులుసు తెచ్చి పెట్టింది. అందరం తిన్నాం.

ఆ జాగాలో ఎవరూ ఇల్లు కట్టకూడదని అధికారులు బోర్డు పెట్టారు. దావా వెయ్యడానికి స్థలమే లేకుండా పోయింది. డోర్సినా, ఓమా ఇప్పుడు చేపల మార్కెట్ వెనక అద్దెకుంటున్నారు. ఏటా జూన్‌కు ముందు నూస్ కబురు పెడితే ఉస్మాన్ వచ్చి గుట్ట మీద మిగిలిన గోడలన్నీ చూసి వెళ్తాడు. ఇప్పటికీ ఆయన్ని చూసి తలుపు వేసుకునేవాళ్ళు రెండు మూడిళ్ళలో ఉన్నారు. పని అయ్యాక ఆయన కిందికి దిగి వ్యాను కోసం నిలబడితే, డోర్సినా వేడివేడిగా నాలుగు పళ్ళు కాగితంలో పెట్టి ఇస్తుంది. ఏ గోడ ఎంత కదిలిందో ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి అడుగుతుంది. ఆయన చెప్పినవన్నీ విన్నాక, తీరిక దొరగ్గానే మళ్ళీ తానే గుట్టెక్కి వెళ్ళి చూసుకుంటుంది.