నలభై ఒక్క చుక్కలు

పంపు పిడిని ఆల్డ్విన్ పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. రాత్రంతా పడవ అడుగున ఊరిన నీరు గొట్టంలోంచి సముద్రంలోకి పడుతోంది. గొట్టం గాలి పీల్చి గురక పెట్టగానే చెయ్యి ఆపాడు. నిన్నటికంటే ఈ రోజు ఎక్కువసేపే పట్టింది. పడవకీ వయసొచ్చింది. తనకీ అరవై రెండు నిండాయి.

పొట్టి మనిషి. చెప్పులెరగని అరికాళ్ళు వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. కుడిచేతి చిటికెన వేలు సగమే ఉంది. మిగతా సగం ఆంటిగ్వా దీవి దగ్గర లంగరు గొలుసులో పడి నలిగిపోయింది. నేల మీద నిలబడినా మోకాళ్ళు కాస్త వంచే నిలబడతాడు. నేల ఎప్పుడు కదులుతుందో అన్నట్టు.

'యొహన్నా' అనే ఈ తెరచాప పడవలో ఇరవై మూడేళ్ళుగా పనిచేస్తూ, అందులోనే ఉంటున్నాడు. ముందు కొసన ముక్కోణపు గది అతనిది. నవంబరులో ఉత్తరంగా ఆంటిగ్వా దాకా, తుఫానుల కాలానికి ముందు దక్షిణంగా గ్రెనడా దాకా, ఏటా అవే దీవులు. బెక్వె దీవిలో ఇయోనా అనే ఆమె "ఒడ్డు మీద ఉండిపో" అని అడిగింది. ఈ సీజను గడవనీ అన్నాడు. ఐదు సీజన్లు అదే మాట అన్నాడు. ఆరోసారి వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో ఇంకో మగవాడి బూట్లు కనిపించాయి.

యజమాని ట్యూనిస్‌కి మోకాళ్ళు పోయాయి. హాలెండు వెళ్ళిపోయి, అక్కణ్ణుంచే పడవ అమ్మేశాడు. "నిన్ను ఉంచుకోమని వాళ్ళకి చెప్పాను ఆల్డ్విన్. ఆపైన వాళ్ళిష్టం" అన్నాడు ఫోన్లో. కొన్నవాళ్ళు, కెనడా కుర్ర దంపతులు, ఈ పూట అతనితో పడవ నడిపి చూస్తారు. సాయంత్రం మార్టినిక్ దీవికి బయల్దేరతారు. అతను పనిలో ఉన్నట్టా లేనట్టా అన్నది ఆలోగా తేలాలి.

రొట్టెల కోసం చిన్న పడవలో టిరెల్ బే రేవుకి వెళ్ళాడు. పెద్దమ్మ కూతురు వెర్లిన్ అక్కడ బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది.

"ఏరా, గడ్డం గీసుకొచ్చావు? పెళ్ళిచూపులా?"

"అలాంటిదేలే అక్కా."

"ఈ వయసులో నిన్నెవరు చేసుకుంటార్రా? ఆ మోకాళ్ళు వంచి నడవడం మానెయ్. దొరలా నిటారుగా నడువు. ముసలాడని తెలిస్తే దింపేస్తారు."

"నవ్వించకు. రొట్టెలియ్యి."

"వేడివి పెట్టాను. తింటే మెత్తబడతారు" అంది. నవ్వలేదు.

ఎనిమిదింటికి తెరచాప ఎత్తారు. భర్త బాస్టియన్ చుక్కాని పట్టుకున్నాడు. అతని ముందు పలకంత కంప్యూటర్ తెర. అందులో సముద్రమంతా నీలంగా, లోతులు అంకెలతో కనిపిస్తోంది. భార్య కోరిన్ ముందు కొసన కూర్చుని కాళ్ళు నీళ్ళమీదికి వేలాడదీసింది.

"మీరు హాయిగా కూర్చోండి ఆల్డ్విన్ గారూ. ఇది ఉంటే కళ్ళు మూసుకుని పోవచ్చు" అన్నాడు బాస్టియన్.

ఆ పడవలో అతన్ని ఎవరూ కూర్చోమనలేదు ఇన్నేళ్ళలో. కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ముందు గదిలో బ్యాటరీలు పెడదామనుకుంటున్నాం" అని అరిచింది కోరిన్, గాలిలో వినబడాలని.

అతను తలూపాడు.

దీవి దక్షిణపు కొస దాటగానే సూర్యుడు సూటిగా కళ్ళలో పడ్డాడు. నీళ్ళు తగరంలా మెరుస్తున్నాయి, అడుగు కనిపించదు. అక్కడే ఉంది పగడపు దిబ్బ. ఊరివాళ్ళు ముసలిదాని పళ్ళు అంటారు. తెర మీద అది కుడివైపు ఎక్కడో దూరాన ఉంది. అసలుది పడవ ముందే ఉంది.

ఆల్డ్విన్ నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

ఇరవై మూడేళ్ళ కిందట ట్యూనిస్ కూడా పడవని ఈ పళ్ళకే తగిలించుకున్నాడు. అప్పుడు పడవల అడుగులు గీకే కూలీగా ఉన్న ఆల్డ్విన్ ఈదుకెళ్ళి, తాడు కట్టి, పోటు వచ్చాక లాగించాడు. మర్నాడే ఉద్యోగం. మెల్లగా తగిలితే పడవకేం కాదు. కాస్త రంగు పోతుంది. తెరను నమ్మేవాళ్ళకి పక్కన మనిషి ఎందుకుండాలో అర్థమవుతుంది. చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, కూర్చోమన్నారు కదా.

పడవ బాణంలా పోతోంది. ఎడమ పక్కన కెరటం రంగు మారింది. ఇంకో పది ఊపిర్లు. ఎనిమిది. కోరిన్ పాటేదో కూనిరాగం తీస్తూ కాళ్ళాడిస్తోంది. పడవ తగిలిందంటే ముందు పడేది ఆ పిల్ల. పడితే పడవ కిందికే.

"తిప్పు! కుడికి! ఇప్పుడే తిప్పవయ్యా!"

బాస్టియన్ తిప్పాడు. పడవ ఒరిగింది. కోరిన్ కెవ్వున అరిచి కడ్డీ పట్టుకుంది. ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, గోధుమరంగు పళ్ళు నీటికింద వరసగా జారిపోయాయి.

బాస్టియన్ ముఖం పాలిపోయింది.

"మీరు లేకపోతే..." అన్నాడు. తర్వాత తెర వైపు వంగాడు. "అది సరిగ్గా ఎక్కడుందో చూపించండి."

ఆల్డ్విన్ సగం వేలితో చూపించాడు. తెర మీద ఎర్రచుక్క పడింది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"బోలెడు కెప్టెన్!"

టిరెల్ బేకి తిరిగొచ్చి లంగరు వేశాక మధ్యాహ్నమంతా అదే పని. ఏ మలుపులో పటం తప్పు, ఎక్కడ లంగరు నిలవదు, ఏ రెండు కొండలు ఒకే వరసలో కనిపిస్తే దారి క్షేమం, అన్నీ చెప్పాడు. అంతలా అతనెప్పుడూ మాట్లాడలేదు. ఇంత తెలిసిన మనిషిని ఎవరు వదులుకుంటారు? గుర్తొచ్చినవి అయిపోయాక కళ్ళు మూసుకుని దీవి తర్వాత దీవి తలుచుకుని మరో రెండు చెప్పాడు.

"నలభై ఒకటి" అన్నాడు బాస్టియన్. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "మాకు ఇక భయం లేదు. ఈ మేలు మరిచిపోం."

కోరిన్ అతన్ని కౌగిలించుకుంది. "మీ సామాను ఒడ్డుకి చేర్చమంటారా ఆల్డ్విన్ గారూ? నాలుగింటికల్లా బయల్దేరాలి."

సామాను ఒక్క సంచే. రేవు మీద దిగితే, నేల కదలక మోకాళ్ళు తడబడ్డాయి. వెర్లిన్ ఖాళీ బుట్ట సర్దుకుంటోంది.

"ఏమన్నార్రా?"

"మంచివాళ్ళక్కా."

ఆమె సంచి వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా బుట్ట పక్కకి జరిపి చోటిచ్చింది. అతను కూర్చోలేదు.

యొహన్నా తెరచాప ఎత్తింది. రేవు నోట్లో ఇసుకమేట దగ్గర, అతను పెట్టించిన చుక్క పక్కనుంచి, అతనే నడుపుతున్నట్టు, మూరెడు అటూ ఇటూ కాకుండా దాటింది. ఒక్క తప్పూ లేదు.

"అయ్యో, నీ చొక్కా కాదట్రా అది?" అంది వెర్లిన్.

పొద్దున కెరటం చిమ్మి తడిస్తే విప్పి ఆరేసుకున్నది. పడవ వెనక తీగకి, రెండు కొయ్య క్లిప్పుల మధ్య, ఆ నీలం చొక్కా గాలికి ఊగుతూ ఉంది.