నల్ల వైరు

మూడో టీవీ ఓబులేష్ కళ్ల ముందే పేలింది.

షట్టర్ ఎత్తి రెండడుగులు వేశాడో లేదో, తెర వెనక నుంచి తపుక్కున శబ్దం వచ్చింది. సన్నటి పొగ పైకి లేచింది. కాలిన ప్లాస్టిక్ వాసన గొంతులో కొట్టింది. చేతిలోని టెంకాయ, పూల సంచి అక్కడే పారేసి బయటికి పరిగెత్తాడు. మెట్ల కింద మీటరు పెట్టె ఉంది. మెయిన్ స్విచ్ పిడి పట్టుకుని కిందికి గుంజాడు. అప్పటికే లోపల నాలుగోది కూడా తపుక్కుమంది.

ఉదయం ఆరున్నర. పది గంటలకు అంగడి ప్రారంభం.

మళ్లీ లోపలికి వచ్చి ఒక్కొక్క గేమ్ కన్సోల్ దగ్గర వంగి వాసన చూశాడు. రెండు గోడల మీద ఆరు టీవీలు, వాటి కింద ఆరు కన్సోళ్లు. కొత్త ఆటల అప్‌డేట్లు దిగుతాయని నిన్న సాయంత్రం అన్నిటినీ ఆన్‌లోనే వదిలి వెళ్లాడు. వీధి వైపు గోడకున్న నాలుగు జతలూ మాడిపోయాయి. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉన్న గోడకు రెండు జతలు. వాటి నుంచి వాసన రావడం లేదు. బతికున్నాయో లేదో కరెంటు వస్తే గాని తెలియదు.

ఓబులేష్ ఒక కన్సోల్‌ను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

వీటిలో ఒక్కటీ అతను కొత్తగా కొన్నది కాదు. నాలుగేళ్లుగా నెలకో ఆదివారం రైలెక్కి బెంగళూరు పోయేవాడు. పాత సామాన్ల సంతలో చచ్చిపోయిన కన్సోళ్లను ఏరుకుని, గుడ్డసంచిలో వేసుకుని తన ఊరు పామిడికి తెచ్చుకునేవాడు. ఒకదాని ఫ్యాను ఇంకోదానికి, ఇంకోదాని బోర్డు మరోదానికి అతికించి, వేడి చేసి, టంకం వేసి, ఒక్కోదాన్ని మూడు నాలుగు నెలలకు లేపి కూర్చోబెట్టేవాడు. ఏ యంత్రానికి ఏ రోగం ఉండేదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇప్పుడు ఒళ్లో ఉన్నది రెండో ఏడు తెచ్చింది. దానికి ప్రాణం పోయడానికి ఐదు నెలలు పట్టింది.

అతనికి ముప్పై తొమ్మిదేళ్లు. పొట్టి మనిషి. ఇరవై రెండేళ్లు ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని మోటార్లకు రాగి తీగ చుట్టీ చుట్టీ ఎడమ భుజం కిందికి జారింది. చూపుడు వేలు మీద తీగ కోసిన గాడి ఉంది. బొటనవేలి గోరు వార్నిష్‌తో నల్లబడి, ఇక తెల్లబడే ఆశ వదులుకుంది. కోపం వచ్చినా, భయం వేసినా లోలోపల అంకెలు లెక్కపెట్టుకోవడం అతని అలవాటు. చుట్టు తప్పితే మోటారు కాలిపోతుంది కాబట్టి వచ్చిన అలవాటది. ఇవాళ ఆరు దాటి లెక్క సాగలేదు. పళ్లు బిగుసుకుపోతున్నాయి.

ఏడు గంటలకల్లా జనం గుమిగూడారు. నైటీలు కుట్టే వీధి అది. మిషన్ల మీద కూర్చోవలసిన వాళ్లంతా ఫోన్లు పైకెత్తి కాలిన టీవీలను వీడియో తీస్తున్నారు. పై అంతస్తు నుంచి ఇంటి యజమాని లింగప్ప లుంగీ సర్దుకుంటూ దిగాడు.

"నేను మొదట్నే చెప్తి. గేమ్ అంగడి వద్దప్పా, జిరాక్స్ అంగడి పెట్టుకో అని. ఇన్నావా?"

ఓబులేష్ భార్య హేమావతి అప్పుడే గుంపును తోసుకుని వచ్చింది. ఆమె కూడా ఈ వీధిలోనే నైటీలు కుడుతుంది. మాటకు మాట అప్పు పెట్టుకునే మనిషి కాదు.

"ఇప్పుడు తీయన్నా జిరాక్స్. నాలుగు కాపీలు తీయి, గోడకు తగిలించుకుందాం."

ఎవరో నవ్వారు. ఓబులేష్ ఆ నవ్వు వైపు తల తిప్పాడు. నవ్వు ఆగిపోయింది. ఓబులేష్ చూపుకు ఎవరైనా నవ్వు ఆపడం ఆ వీధి ఇంతవరకు ఎరగదు.

"ఈ మీటరు పెట్టె కాడికి నువ్వు తప్ప ఎవురూ రారు," అన్నాడు లింగప్పతో. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నా అంగడి నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఏం చేసినావు?"

"నేనా?" లింగప్ప రెండు చేతులూ ముందుకు చాపాడు. "ఒరే, ఫ్యూజు పోతే మా ఇంటిది ఏస్తాది. నాకు కరెంటంటే దడ. ఈ మెట్లు దిగేటప్పుడు ఆ పెట్టెకు దూరంగా నడుస్తా."

అది నిజమే. వీధిలో అందరికీ తెలిసిన నిజం. ఓబులేష్ కోపానికి నిలబడే చోటు దొరకలేదు.

లైన్‌మన్ రామదాసు ఎనిమిదికి వచ్చాడు. బైకు దిగుతూనే పక్కింటివాళ్లను కేకేసి అడిగాడు. వాళ్ల ఫ్యాను తిరుగుతోంది, మిక్సీ తిరుగుతోంది.

"లైన్లో ఓల్టేజీ ఎక్కువొచ్చింటే ఈ వరసంతా కాలిపోవల్ల. మీదొక్కటే కాలింది. లోపలేదో ఉండాది," అంటూ పెట్టె కింది మూత తీశాడు. టార్చి వేశాడు.

"ఓబులేషూ, ఈడ చూడు."

మూడు రంగుల వైర్లు మూడూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. నల్ల వైరు మాత్రం దాని చోటులో లేదు. మర విప్పి, వైరును బయటికి లాగి, వెనక్కి మడిచి పెట్టారు.

"న్యూట్రల్ పీకేసినారు. ఎవడో తెలిసి చేసిన పనే ఇది. పూర్తిగా తెలిసా, సగం తెలిసా, అది నాకు తెల్దు."

ఆ గది ఒకప్పుడు కుట్టు మిషన్ల కార్ఖానా. అందుకే దానికి మూడు ఫేజుల కనెక్షన్ ఉంది. మూడు ఫేజులు వచ్చే చోట వాటిని సమంగా పట్టి ఉంచేది ఆ నల్ల వైరే. దాన్ని తీసేస్తే కరెంటు ఆగదు. కరెంటు వాడకం ఎక్కువున్న గోడ మీద ఓల్టేజీ తగ్గి, తక్కువున్న గోడ మీదికి నాలుగు వందల ఓల్టులు ఎగబాకుతాయి. ఫ్రిజ్ లాగే కరెంటు ఎక్కువ, ఆ గోడ అందుకే మాడలేదు. వీధి వైపు గోడ అందుకే మాడింది. టీవీ బోర్డులు బాగుచేసేవాడికి ఇది మొదటి పాఠం. తన సొంత టీవీ ఒకటి కాల్చుకుని ఓబులేష్ నేర్చుకున్న పాఠం.

కానీ అతను చూస్తున్నది దాన్ని కాదు.

బయటికి లాగిన వైరు కొనకు తెల్లటి నూలు టేపు చుట్టి ఉంది. మూడు చుట్లు. మూడో చుట్టు కింద నుంచి కొన దూర్చి, లాగి, సగం ముడి.

"ముట్టుకోవద్దు," అన్నాడు.

రామదాసు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నూలు టేపేందప్పా? మేమైతే నల్ల టేపు ఏస్తాం."

ఓబులేష్ ఆ ముడి మీదికి వంగాడు. పదిహేడో ఏట, పనిలో చేరిన వారానికి, మోటారు నుంచి తీసిన తీగ కొనను కప్పకుండా వదిలాడు. చెంప పగిలింది. 'కొన కప్పకుండా వదిలితే చెయ్యి విరుస్తా' అన్నాడు పని నేర్పిన మేస్త్రీ. మూడు చుట్లు, సగం ముడి. ఆ సాయంత్రమంతా అదే కట్టించాడు. ఇప్పుడు ఓబులేష్ చెప్పు తెగినా అదే ముడి వేస్తాడు. పామిడిలో ఆ ముడి వేసేవాళ్లు ఇద్దరే ఉన్నారు. అందులో ఒకడు తాను.

హేమావతి భర్త ముఖం చూసింది. తర్వాత ఆ ముడి చూసింది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో సంచుల మూతులకు చూస్తున్న ముడే.

"అది..." అంది.

"ఉండు," అన్నాడు.

కాదేమో అనుకోవడానికి అతని మనసు దారులు వెతికింది. ఆయన దగ్గర పని మానేసినా, ఇవాళ మొదటి స్విచ్ వేయడానికి మేస్త్రీనే తాను పిలిచాడు. పని నేర్పినవాడి చేత మొదటి దీపం వెలిగించుకోవడం ఈ పనుల్లో ఉన్నవాళ్ల ఆనవాయితీ. అది మొదటిసారికే వెలగకపోతే ఆ అంగడికి అచ్చిరాదంటారు. మాన్పలేని పట్టింపు అది. వజ్రకరూరు రోడ్డులో ఒకాయన స్విచ్ వేస్తే బల్బు వెలగలేదని, రంగులేసిన అంగడికి తాళమేసుకుని పోయాడు. ఆ సంగతి చెప్పి నవ్వింది కూడా మేస్త్రీనే.

తొమ్మిదికి మేస్త్రీ వచ్చాడు. అరవై ఆరేళ్ల మనిషి. పొడుగరి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నెరిసిన కనుబొమలు, ఎప్పుడూ పైకి లేవని గొంతు. గుంపు దానంతటదే విడిపోయి దారిచ్చింది. జిల్లాలో సగం బోర్ల మోటార్లు ఆయన అంగడి గడప తొక్కినవే. చుట్టింది ఓబులేష్. పేరు ఆయనది. వచ్చిన రైతులకు ఓబులేష్‌ను చూపించి 'వీడు నా కుడి చెయ్యి' అనేవాడు. ఇరవై రెండేళ్లలో ఏ ఒక్కడికీ ఆ చేతి పేరు చెప్పలేదు. ఫ్యాను కూడా ఆయన కుర్చీ వైపే తిరిగేది.

"ఏమిరా, జనం ఇంత మంది?"

"కాలిపోయినాయి మేస్త్రీ. నాలుగు."

ఆయన లోపలికి తొంగి చూశాడు. ముఖంలో నిజమైన ఆశ్చర్యం.

"కాలిపోయినాయా? ఆగిపోవల్ల గాని, కాలడమేందిరా?"

మాట నోటి నుంచి జారాక ఆయనకే అర్థమైంది. రామదాసు రాస్తున్న కాగితం మీద నుంచి తలెత్తాడు. లింగప్ప లుంగీ ముడి మళ్లీ సర్దుకున్నాడు.

"ఏది ఆగిపోవల్ల మేస్త్రీ?" అన్నాడు ఓబులేష్.

మేస్త్రీ ఆ ప్రశ్నను విననట్టే అతని భుజం మీద చెయ్యి వేశాడు. జారిన భుజం మీదే. "పోనీలేరా. మన చేతిలో ఏముండాది. నీ స్టూలు ఆడే ఉండాది, ఎవురినీ కూచోబెట్టలా. ముదిగుబ్బ నుంచి మూడు మోటార్లొచ్చినాయి. రేపట్నుంచి రా."

"నల్ల వైరు పీకితే ఏమైతాదనుకుంటివి?"

"ఓబులేషూ, నలుగుర్లో ఏందిది?"

"మోటారుకు మూడు వైర్లే. నల్ల వైరుతో పనే లేదు. ఇంట్లో నల్ల వైరు తీస్తే బల్బు ఆరిపోతాది. నీకు తెలిసింది అంతే." ఓబులేష్ ఆ చేతిని భుజం మీద నుంచి తీసి పక్కకు పెట్టాడు. "పది గంటలకు నువ్వు స్విచ్ ఏస్తే ఎలగదు. అచ్చిరాలేదని నేను తాళమేసి వస్తా. అంతే గదా నీ లెక్క?"

మేస్త్రీ కనుబొమలు దగ్గరికొచ్చాయి. గొంతు ఇంకా తగ్గింది, ఓబులేష్‌కు, హేమావతికి మాత్రమే వినబడేంత.

"నిన్ను కాల్చాలనుకోలేదురా. ఒక్క పూట ఆగితే నువ్వే ఎనక్కొస్తావనుకున్నా. నా కళ్లు కనపడ్డంలే. తీగ చేతిలో నిలబడ్డంలే. నువ్వు పోతే ఆ అంగడి యాడిది?"

"ఆ మాట నాకు చెప్పింటే?" ఓబులేష్ గొంతు తగ్గలేదు. "పొద్దున పూట వచ్చి చేస్తా అనింటాను గదా. అడిగినావా? ఒక్కసారన్నా నన్ను ఏమన్నా అడిగినావా? ఇరవై రెండేండ్లు నీ చెయ్యి అంటివి. చేతిని ఎవురు అడుగుతారు!"

మేస్త్రీ చూపు తిప్పుకున్నాడు. షట్టర్ దగ్గరున్న టెంకాయను, చిందిన పూలను చూస్తూ నిలబడ్డాడు.

"నేను ఇంకో మూడిళ్లకు పోవల్ల," అన్నాడు రామదాసు ఇబ్బందిగా. "ఆఫీసులో ఈ కాగితం ఇయ్యల్ల. పీకినోడు ఎవురని రాయల్ల? గుర్తు తెలియని వ్యక్తులని రాస్తా. అందరికీ మంచిది."

"అట్లే రాయప్పా," అన్నాడు లింగప్ప గబగబా. "పెద్దాయన. ఇంత అన్నం పెట్టినోడు. పోలీసోళ్లు, కేసులు ఎందుకు? రెండు టీవీలు బాగుండాయంట గదా, వాటితో మొదలుపెట్టుకుంటాడులే."

గుంపులో తలలు ఊగాయి. ఫోన్లన్నీ కిందికి దిగాయి. ఇందాక కాలిన టీవీలను అంత శ్రద్ధగా తీసినవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు తీయడం లేదు. వాళ్ల ఊళ్లలో మోటార్లున్నాయి. అవి కాలితే మళ్లీ మేస్త్రీ దగ్గరికే రావాలి.

ఓబులేష్ హేమావతి వైపు చూశాడు. సైగ చేస్తుందేమో, వద్దంటుందేమో అని. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"నా వైపు ఏం చూస్తావు? నోరు నీకు లేదా?"

మేస్త్రీ వెనుదిరిగాడు. గుంపు మళ్లీ దారిచ్చింది. ఆయన మెల్లగా, తన అంగడికి రోజూ నడిచే నడకతోనే బజారు వైపు కదిలాడు. ఎవరూ పిలవరని ఆ వీపుకు తెలుసు. రామదాసు కలం కాగితం మీద పెట్టి 'గు' రాశాడు.

"కొట్టెయ్," అన్నాడు ఓబులేష్.

వైండింగ్ పని నేర్చినవాళ్లు మేస్త్రీని మేస్త్రీ అనే అంటారు. పేరు పెట్టి పిలవడం అటుంచి, ఎదురుగా లేనప్పుడు కూడా ఆ పేరు పలకరు. ఆధార్ కేంద్రంలో పనిచేసే చోటు యజమాని ఎవరని అడిగితే, ఓబులేష్ బయట కనిపించే మేస్త్రీ అంగడి బోర్డు వైపు వేలు చూపించాడు తప్ప నోటితో చెప్పలేదు.

ఇప్పుడతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. వీధి చివరి మిషన్ మీద కూర్చున్నవాడికి కూడా వినబడాలి. నడిచి వెళ్తున్న ఆ మనిషికి మరీ వినబడాలి.

"రాసుకో రామదాసన్నా. రాఘవేంద్ర. మోటార్ వైండింగ్ రాఘవేంద్ర!"