ఒక వకారం తక్కువ

తెల్ల చొక్కా కాలరు దగ్గర ముడత పోలేదని మా ఆయన రాయప్ప రెండోసారి వెనక్కి ఇచ్చాడు. "రేపు ఇన్నూరు మంది ముందర నిలబడల్ల. చొక్కా ఇట్లుంటే ఇంట్లో ఆడది ఏం చేస్తాండాదని అడుగుతారు," అన్నాడు. ఏం చేస్తోందో నిజంగా ఎవరైనా అడిగితే బాగుండు అనుకుంటూ ఇస్త్రీపెట్టె మళ్ళీ వేడికి పెట్టాను.

ధర్మవరంలో మా చర్చికి ఆయన ఉపదేశి. పిల్లలకు జపాలు, జ్ఞానోపదేశం చెప్పేది ఆయనే. గుడి ఊడ్చేది, పీఠం మీది గుడ్డలు ఉతికేది, ఫాదర్ దగ్గరికి వచ్చినవాళ్ళకు వండి పెట్టేది నేను. ఆయన పనికి పేరుంది, నా పనికి లేదు. ఉపదేశి భార్య అంటే అవన్నీ అందులోనే వచ్చేస్తాయి. రేపు పెనుకొండలో హిందూపురం, ధర్మవరం చర్చి కుటుంబాలన్నిటికీ సదస్సు. ఈయన మాట్లాడబోయేది 'చావు దాకా చదువు' అనే విషయం మీద. సరిగ్గా రేపే, ఇదే ఆదివారం పదింటికి, ఇక్కడి బడిలో పెద్దవాళ్ళ చదువు పరీక్ష. కాన్వెంటు సిస్టరమ్మ నా పేరు రాయించింది. నలభై నాలుగేళ్ళ వయసులో నా పేరు మీద వచ్చిన మొదటి హాల్ టికెట్టు.

వారం కిందటే ఆయనకు చెప్పాను. "పరీక్ష వచ్చే ఏడూ పెడతారు. అంతమందికి వంటకాడ ఎవరుంటారు? ఉపదేశి పెండ్లామే రాకపోతే నా మర్యాద ఏం కావల్ల?" అన్నాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, నిజం చెప్పాలంటే.

నేను నల్లమాడ దగ్గర గొర్రెలు మేపే ఇంటి పిల్లను. రెండో తరగతిలో నాయన బడి మాన్పించి మంద వెనక పంపాడు. పెళ్ళికి ముందు జ్ఞానస్నానం, దానికి ముందు జపాలు. అత్త అన్నమ్మ చెబుతుంటే చెవితో విని పట్టుకున్నాను. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపంలో, దేవుడి కృప అని అర్థం వచ్చే 'దేవవర ప్రసాదము' అనే మాట నాకు 'దేవర ప్రసాదము' అని వినబడింది. మా ఊళ్ళో దేవర అంటే అమ్మవారికి పొట్టేలు కోసి ఊరంతా తినే జాతర. మరియమ్మ తల్లికీ దేవర చేస్తారు కాబోలని సంతోషపడ్డాను కూడా. పెళ్ళయిన మొదటి ఆదివారం ఇంటి జపంలో గట్టిగా చెప్పాను. ఇంటిల్లిపాదీ నవ్వారు, అందరికంటే ముందు అత్త. "దేవర కాదే, దేవవర," అన్నారు. ఆ రెంటికీ తేడా నా చెవికి తెలియలేదు. "మా కోడలు మరియమ్మకు పొట్టేలు కోసిందప్పా," అని మామ మొదలుపెట్టిన ఆ ముచ్చటను ఇరవై రెండేళ్ళుగా ప్రతి పెళ్ళిలో, ప్రతి పండక్కి చెప్పుకుంటూనే ఉన్నారు. నేను వడ్డిస్తూ వింటూనే ఉన్నాను. జపంలో ఆ మాట వచ్చేసరికి పెదాలు కదిపి ఊరుకునేదాన్ని.

పోయినేడు సిస్టరమ్మ మధ్యాహ్నాల్లో అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. ఒక రోజు జపాల పుస్తకంలో వేలు పెట్టి చదువుకుంటూ పోతే, దే, వ, వ, ర. ఇంకో వకారం ఉంది. అంతే. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ మొదటి ఆదివారమే ఎవరైనా పుస్తకం తెరిచి ఆ అక్షరం చూపించి ఉంటే సరిపోయేది.

ఇంటికి పరుగున వచ్చాను. అత్త జపమాల చెప్పుకుంటూ, రోజూ పట్టుకునే పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది. చూపిద్దామని వంగితే, ఆమె తెరిచిన పుటలో ఉన్నవి చచ్చిపోయినవాళ్ళ కోసం చెప్పే జపాలు. నేను చదివానని ఆమెకు తెలిసిపోయింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు చదవను రాదు పుష్పా," అంది. "మీ మామా ఉపదేశే గదా. ఊరందరికీ చెప్పినాడు. నాకూ నేర్పించప్పా అంటే, నీకెందుకే, నేనుండా గదా అన్నాడు. ఆయప్ప పోయి పదకొండేండ్లాయ. ఎవురికీ చెప్పొద్దు." ఆ మొదటి ఆదివారం అందరికంటే ముందు ఆమె ఎందుకు నవ్విందో అప్పుడర్థమైంది. కోపం రావలసిన చోట దుఃఖం వచ్చింది.

ఇస్త్రీ అయిన చొక్కా మడత పెట్టాను. "సంచిలో పెట్టు, ఆ కాగితాలు గూడా," అని ఆయన స్నానానికి వెళ్ళాడు. అవి రేపటి ఉపన్యాసం. చేతిరాత నేను చదవలేనని ఆయన ధైర్యం. కూడబలుక్కుంటూ చదివాను. మొదట్లోనే 'దేవర కథ చెప్పాలి' అని, పక్కన 'నవ్వులు' అని ఉంది. నవ్వడానికి ఎక్కడ ఆగాలో కూడా రాసుకున్నాడు. దాని కింద: 'ఈ రోజు ఆమె చదవగలదు. ప్రతి సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని నా భార్యకు అక్షరాలు నేనే నేర్పాను.'

తప్పు చదివానేమోనని మూడుసార్లు చదివాను. తప్పు నాదే అయి ఉంటుందనుకోవడం ఇరవై రెండేళ్ళ అలవాటు. సాయంత్రం నా చేతిలో పుస్తకం కనబడితే, "పొయ్యి కాడ పని లేదా?" అనడం తప్ప ఆయన చెప్పిన పాఠం నాకు గుర్తు లేదు.

మంచం మీద నుంచి అత్త నన్నే చూస్తోంది. "ఏం రాసినాడు?"

చదివి వినిపించాను. ఆమె గోడవైపు తిరిగింది.

"రేపు నువ్వు వంటకు పోవద్దు. పరీక్షకు పో," అంది గోడతోనే. తర్వాత, "పెన్ను ఆ గూట్లో ఉండాది."

నీళ్ళ గదిలోంచి ఆయన కేకేశాడు. "కాగితాలు పెట్టినావా?"

"పెడతాండా," అన్నాను.

'నేనే నేర్పాను' అన్న మాట కింద, రకారానికి పవత్తు తప్పకుండా చూసుకుంటూ, 'నేర్పలేదు' అని రాసి, పక్కన పుష్పావతి అని సంతకం చేశాను.