పడవ టికెట్టు

వారం రోజులు ఊరు విడిచి వెళ్ళేది నేను, ఇస్త్రీ అయ్యేవి మాత్రం ఆయన చొక్కాలు. ఏడో చొక్కా మడత పెడుతుంటే మా ఆయన వచ్చి బ్యాంకు కార్డు చేతిలో పెట్టారు. "తాకిస్తే చాలు. పెద్ద ఖర్చేదైనా ఉంటే ముందు నాకు ఫోన్ చెయ్యి," అన్నారు. పిన్ అడిగితే, నీకెందుకు, ఎక్కడో నోరుజారి చెప్పేస్తావని నవ్వారు. డబ్బు గొడవ మగవాళ్ళ నెత్తిన పడేసి హాయిగా ఉండాలమ్మా అని అత్తగారు వంతపాడారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ అకౌంట్‌లో పడుతున్నది నా జీతం కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాలర్ సరిచేసి మింగేశాను.

నేను బట్టల మిల్లులో రంగులు సరిపోల్చే పని చేస్తాను. రెండు బూడిద రంగుల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా నా కన్ను పట్టేస్తుంది. కొత్త యంత్రం నేర్చుకు రమ్మని మిల్లు వాళ్ళు పరాయి దేశం పంపారు. గది, ఉదయం ఫలహారం వాళ్ళవే. మిగతాదంతా కార్డు. తాకించిన రెండో నిమిషంలో మెసేజ్‌తో ఆయన ఫోన్ మోగేది, మూడో నిమిషంలో నాది. దువ్వెన కొంటే, ఇంట్లోది మర్చిపోయావా అన్నారు. కాఫీ తాగితే, గదిలో కలుపుకోలేకపోయావా అన్నారు. మూడో రోజుకల్లా దాహమేసినా పర్సు తెరవబుద్ధి కాలేదు. సముద్రాలు దాటి వచ్చినా ఆయన అందులోనే కూర్చుని ఉన్నట్టుండేది.

నాలుగో రోజు క్లాసు మధ్యాహ్నానికే అయిపోయింది. ఏ పనీ లేకుండా నడవడం ఎప్పటి మాటో గుర్తు రాలేదు. సందులు తిరుగుతూ నది ఒడ్డుకు వచ్చాను. అవతలి గట్టుకు పడవ బయలుదేరుతోంది. అవతల నాకేం పని లేదు. అయినా కార్డు తాకించి ఎక్కేశాను. పడవ కదలగానే నీళ్ళ రంగు మారడం మొదలైంది. ఆకుపచ్చ పలచబడి బూడిదైంది, బూడిదలోంచి ఊదా తేలింది, ఊదాలోకి ఆకాశం నెమ్మదిగా కరిగిపోయింది. మా నమూనా పుస్తకంలో ఆ రంగులకు నంబర్లు లేవు. పక్కన ఒక ముసలామె నా భుజం మీదకు తల వాల్చి నిద్రపోయింది. ఆమె బరువు నాకు బరువనిపించలేదు. నేనెవరి భార్యనో, ఎవరి కోడలినో ఆ నీళ్ళకు తెలియదు. కాసేపు నాకూ తెలియలేదు.

అవతలి ఒడ్డున ఆకలేసి సూప్ తీసుకున్నాను. కార్డు పనిచేయలేదు. అంగడామె రెండుసార్లు ప్రయత్నించి తల అడ్డంగా ఊపింది. వెనక వరుసలో వాళ్ళు నా వీపునే చూస్తున్నట్టనిపించి చెవులు వేడెక్కాయి. చివరి రోజు టాక్సీకని మిల్లు వాళ్ళిచ్చిన నోట్లలోంచి ఒకటి తీసి ఇచ్చాను. బయటికొచ్చి చూస్తే, క్లాసు కోసం నోరు నొక్కేసిన ఫోన్‌లో ఆయనవి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాను.

"కార్డు ఆపించేశాను," అన్నారు ఆయన. "పడవ టికెట్టని మెసేజ్ వచ్చింది. ఎవడో కొట్టేశాడనుకున్నా."

"నేనే ఎక్కానండి."

"నువ్వా? నువ్వు పడవెందుకు ఎక్కుతావు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, అలవాటే కదా. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో నాకు ఏ మాత్ర పడదో, నేను ఏ పక్కకు తిరిగి పడుకుంటానో ఆయనకు తెలుసు. ఊరికే పడవెక్కే మనిషిని మాత్రం నాలో ఎన్నడూ చూడలేదు. అలా ఎక్కిందంటే అది దొంగే అయ్యుండాలి.

"సరేలే, పది నిమిషాలాగు. మళ్ళీ తెరిపిస్తాను."

"వద్దండి, మూసే ఉంచండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, తడిగా వినిపించింది. "వచ్చాక నా పేరు మీద వేరే అకౌంట్ తెరుస్తాను. వచ్చే నెల నుంచి జీతం అందులో వెయ్యమని మిల్లుకి రాస్తున్నా."

ఆయన మెల్లగా, ఇప్పుడెక్కడున్నావని అడిగారు.

నది దాటి గది వైపు వెళ్ళే వంతెన మీద ఎండ వాలుతోంది. గదికి ఇంకా గంట దారి.

"నడుస్తున్నాను," అన్నాను.