పొద్దుటి వాడకం

"రేపు చలి బాగా పెరుగుతుందట. మీ ఆఫీసువాళ్లు మా జోలికి మాత్రం రాకుండా చూడు. పెళ్లాం గ్యాసాఫీసులో ఉండగా నాకే గ్యాస్ ఆగిందంటే నలుగురిలో తలెత్తుకోలేను."

ఆమె భర్త టైల్స్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి మేనేజరు. ఊరి ఇళ్లకు వెళ్లే గొట్టంలోంచే ఆ ఫ్యాక్టరీ బట్టీలకూ గ్యాస్ వెళ్తుంది. ఆమె ఆయన టిఫిన్ బాక్సు మూత బిగించింది. స్టవ్ మీద మంట గిన్నెకు అందీ అందనట్టు ఉంది. బర్నర్ తనే తోమింది, దాని తప్పేం లేదు, గొట్టంలోనే గ్యాస్ తగ్గింది. అసలు చలి ఇంకా రానేలేదు, ఇప్పుడే ఇలా ఉందంటే రేపటి సంగతేమిటి? ఆమె వంగి మంట కేసి చూసింది.

"ఏంటా మొహం? అన్నిటికీ భయమే నీకు" అంటూ ఆయన వెళ్లిపోయాడు.

భయమే మరి. ఆ ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఏం కావాలో అడక్కముందే పసిగట్టడం ఆమె పని. ఆయన చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ సాయంత్రం నోరు విప్పొచ్చో లేదో తెలుస్తుంది. అత్తగారి దగ్గును బట్టి ఆవిడకు మందు కావాలో, పక్కన కూర్చునే మనిషి కావాలో తెలుస్తుంది. ఇంత విద్యకు ఇంట్లో జీతం లేదు గానీ బయట ఉంది. గ్యాస్ కంపెనీలో ఆమె అంచనాల అధికారి. ఊరికి రేపు ఎంత గ్యాస్ కావాలో, పదేళ్ల తర్వాత ఎంత కావాలో, అది ఎక్కడి నుంచి వస్తుందో లెక్క కట్టి చెప్పాలి. పదేళ్ల లెక్కకు మీటింగులో అందరూ హాయిగా తలలూపుతారు. అది తప్పే నాటికి ఆ కుర్చీల్లో ఎవరూ ఉండరు కదా. గొడవంతా రేపటి లెక్కతోనే.

మంట ఆరిపోతుందని కాదు ఆమె భయం. ఆరిన తర్వాత గ్యాస్ మళ్లీ వస్తుంది. అత్తగారి గదిలో పాత గ్యాస్ హీటరు ఉంది, ఆవిడ తలుపులన్నీ బిగించుకుని పడుకుంటుంది. మంట ఆరిన హీటర్లోంచి గ్యాస్ మెల్లగా గదంతా నిండుతుంటే నిద్రలో ఉన్న మనిషికి వాసన తెలుస్తుందా? ఊళ్లో అలాంటి గదులు ఇంకా ఎన్ని ఉన్నాయో?

ఆఫీసులో మేనేజరు ఆమె లెక్క చూసి నవ్వాడు. "రోజు మొత్తానికి సరిపోతోంది కదమ్మా, ఇంక బెంగ దేనికి?"

"రోజు మొత్తానికి సరిపోతుంది సార్, పొద్దున సరిపోదు. వంటలు, స్నానాలు, హీటర్లు అన్నీ ఒక్కసారే కదా. టైల్స్ ఫ్యాక్టరీని ఆ పూటకి ఆపుకోమని ఈ సాయంత్రంలోగా చెప్పాలి."

"వంటే కదా, ఆడవాళ్లు కాస్త ముందూ వెనకా చేసుకుంటార్లే. అయినా మీ ఆయన ఫ్యాక్టరీనే ఆపిస్తావా? కోరి ఇంట్లో గొడవ తెచ్చుకోకు. రోజు లెక్క పంపెయ్."

స్టవ్ వెలిగించిన పాపాన పోని మనిషి. మేనేజరు మీటింగుకి వెళ్లిపోయాక ఆమె ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. అంచనా కింద పేరు ఆమెదే, గ్యాస్ పంపిణీ నడిపే కంట్రోల్ రూముకి పంపాల్సిందీ ఆమే. పొద్దుటి లెక్క పంపితే ఇంట్లో ఏమవుతుందో ఆ లెక్క కూడా చకచకా వచ్చేసింది. తలుపు ధడాలున పడుతుంది. కంచం పక్కకు జరుగుతుంది. 'మొగుడి నోటి దగ్గర కూడు తీసే ఆడదాన్ని నిన్నే చూశాను' అని అత్తగారు గోడకు చెబుతుంది. ఆ తర్వాత రోజుల తరబడి మాటలుండవు. ఆ మౌనమంటే ఆమెకు చచ్చేంత భయం. ఇన్నేళ్లుగా ఆ ఇంటికి ఏమేం కావాలో లెక్కేసింది గానీ, ఇవ్వడానికి తన దగ్గర ఇంకా ఎంత మిగిలిందో ఏనాడూ చూసుకోలేదు. కంట్రోల్ రూముకి ఫోన్ చేసి పొద్దుటి లెక్క చెప్పింది.

"మేనేజరు గారికి తెలుసా మేడమ్?" అన్నాడు అక్కడి ఇంజనీరు.

"తెలుసు, వద్దన్నారు. నా పేరు మీద పంపుతున్నాను. ఫ్యాక్టరీకి ఇప్పుడే చెప్పండి."

సాయంత్రం భర్త నుంచి ఫోన్ రానే వచ్చింది. "పొద్దున బట్టీలు ఆపమంటున్నారు. కింద నీ పేరుందట, ఎవరో పొరపాటు చేసుంటారు. ఒక్క మాట చెప్పి తీయించెయ్."

తప్పుకోవడానికి దారి ఆయనే చూపిస్తున్నాడు.

"పొరపాటు కాదండి. నేనే ఆపమన్నాను."

"ఇంటికి రా, చెప్తాను" అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మది సంగతి ఆమెకు తెలుసు.

"ఈ రాత్రికి రాను. కంట్రోల్ రూములో ఉంటాను" అంది. "పొద్దున వంట మీరే చేసుకోండి. స్టవ్ వెలుగుతుంది, ఆ పూచీ నాది."